కుంకుమ పెట్టిన బ్లేడు

కోవిల్‌పట్టిలో తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలు చాలానే ఉన్నాయి. వాటిలో ముప్పాతిక చోట్ల కోత మిషనుకి ఒకసారి బిగించిన బ్లేడుని అది అరిగి కీచుమనేదాకా విప్పరు. నిలువుకోతకీ అదే, అడ్డకోతకీ అదే, ప్లైవుడ్డుకీ అదే. చెక్క మాడితే ఇసుక కాగితం పెట్టి రుద్దుతారు. అంచు చిట్లితే లప్పం పూసి రంగు కొట్టేస్తారు. కొనేవాడికి కళ్ళున్నాయా ఏమన్నా అని వాళ్ళ ధీమా.

పొన్నయ్య దగ్గర ఆ బద్ధకం సాగేది కాదు. గోపాలకృష్ణన్ కార్ఖానాలో ఇరవై రెండేళ్ళుగా మిషను దగ్గర నిలబడ్డ మనిషి, యాభై ఎనిమిదేళ్ళవాడు, సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. అతని వెనక గోడకి మేకులు కొట్టి బ్లేడులు వరసగా తగిలించి ఉండేవి. ఏ పలక మిషను ఎక్కినా ముందు బొటనవేలి గోటితో దాని మీద గీరి నార ఎటు పోతోందో చూసేవాడు. తర్వాత తలెత్తకుండానే అడిగేవాడు.

"నిలువా, అడ్డమా?"

జవాబు వచ్చేదాకా స్పానరు చేతిలోకి తీసుకునేవాడు కాదు. నార వెంట పొడుగ్గా చీల్చాలంటే ఇరవై నాలుగు పళ్ళ బ్లేడు. నారని అడ్డంగా తెగ్గొయ్యాలంటే అరవై పళ్ళది. ప్లైవుడ్డుకీ, పైన నిగనిగలాడే రేకు అంటించిన పలకలకీ ఎనభై పళ్ళది. ఎందుకలా అని కొత్తగా పనిలో చేరినవాళ్ళు అడిగితే విసుక్కునేవాడు గానీ చెప్పకుండా వదిలేవాడు కాదు.

"పళ్ళు ఎక్కువుంటే పంటికీ పంటికీ నడుమ సందు చిన్నదిగా ఉంటాది. నిలువుగా కోస్తే పొట్టు నూలు పోగుల మాదిరి నీళంగా, పొడుగ్గా వస్తాది. ఆ చిన్న సందులో అది పట్టదు. బయటికి పోదు. లోపలే తిరిగి తిరిగి బ్లేడు కాగుతాది, చెక్క మాడుతాది. నువ్వు కోపమొచ్చి బలంగా తోస్తావు. దాని మీద చెక్క ఏమి చేస్తాదో నాకు తెలీదు, నీకూ తెలీదు."

ఈ పట్టుదల అతనికి ఊరికే రాలేదు. పొన్నయ్య ఆసారి ఇంట్లో, అంటే వడ్రంగుల ఇంట్లో పుట్టినవాడు కాడు. నాగలాపురం వైపు నల్లరేగడిలో ఆరెకరాల మెట్ట ఉన్న తెలుగు ఇల్లు వాళ్ళది. మిరప, పత్తి, కొత్తిమీర. మేఘం కరుణిస్తే పంట, లేకపోతే పగుళ్ళు. వరసగా మూడేళ్ళు పగుళ్ళే మిగిలాక, ఇరవై దాటిన పొన్నయ్య కళుగుమలైలో ఒక ముసలి ఆసారి దగ్గరికి పోయి కూర్చున్నాడు. "పట్టా ఉన్న ఇంటి బిడ్డకు ఉలి ఎందుకు సామీ?" అని ఆసారి నవ్వాడట, నవ్వుతూనే నేర్పాడు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ నవ్వుతో సరిపెట్టలేదు. పదిమందికి కూలిచ్చిన ఇంట్లో పుట్టి ఒకడి కింద చెక్క గీకుతాడా అని చిన్నాయనలు మొహం మీదే అన్నారు. బంధువుల పెళ్ళిలో అతను పందిట్లోకి అడుగుపెడితే "ఆసారిగారు వచ్చినారు, పీట చేసిస్తారు, అడగండి" అని ఎవరో అనడం, అందరూ నవ్వడం. అతని భార్య మునియమ్మాళ్ ఆ రోజు విస్తరి ముందునుంచి లేచి వచ్చేసింది.

అప్పటినుంచీ ఒక సంగతి అతని మనసులో నాటుకుపోయింది. పుట్టుకతో ఆ పనిలో ఉన్నవాడు తప్పు చేస్తే అది చెయ్యి జారడం. తను చేస్తే మాత్రం, చూశారా, మనది కాని పనికి పోతే ఇంతే అంటారు. అందుకే తప్పు చెయ్యకూడదు. ఆ ఒక్క భయం మీద ముప్పై ఐదేళ్ళు పని చేశాడు. పది వేళ్ళూ ఉన్నాయి, అతని మిషను దగ్గర ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

మిషనుకి అవతల నిలబడి, కోసిన పలకని వెనక నుంచి లాగేవాడు తంగపాండి. పదకొండేళ్ళ జత. విరుదునగర్ నుంచి రోజూ పొద్దున బండెక్కి వచ్చేవాడు. అతని ఇంట్లోనూ తెలుగే. కార్ఖానా అంతా అరవంలో నడుస్తుంటే ఆ మిషనుకి ఇటూ అటూ మాత్రం తెలుగు నడిచేది, అదీ బ్లేడు చప్పుడుకి పైన, కేకలేస్తూ. తంగపాండి పొన్నయ్య కంటే పదిహేనేళ్ళు చిన్న. కండ ఉన్న మనిషి, తొందర మనిషి, నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయి. పొన్నయ్య అతన్ని ఎప్పుడూ తోసే వైపుకి రానివ్వలేదు. "నీకు ఓపిక లే. లాగేదానికి కండ చాలు, తోసేదానికి ఓపిక కావాల" అనేవాడు. "నీకు సామి రెండు చెవులు ఎక్కువ ఇచ్చినాడు అన్నా, చెక్క మాట్లాడేది నీకు వినిపిస్తాది, నాకు వినిపించదు" అని తంగపాండి వెక్కిరించేవాడు. అది వెక్కిరింతే గానీ నిజం కూడాను. బ్లేడు చప్పుడులో వెంట్రుకంత తేడా వచ్చినా పొన్నయ్య చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేది.

మునియమ్మాళ్ ఆ ఏడాది మార్చిలో చనిపోయింది. గర్భసంచిలో ఏదో పెరిగింది, తెలిసేసరికి ఆలస్యమైంది. పిల్లలు లేరు. పదహారో రోజు దాటగానే పొన్నయ్య పనిలోకి వచ్చేశాడు, ఇంట్లో ఉండలేక. తంగపాండి అప్పటినుంచీ రోజూ పొద్దున విరుదునగర్ నుంచి రెండు క్యారియర్లు తెచ్చాడు. ఒకటి తనకి, ఒకటి పొన్నయ్యకి. రెండూ మారిసెల్వి కట్టినవే. తంగపాండి అన్నా అనేవాడు గనక అతని భార్య మారిసెల్వి పొన్నయ్యని బావా అనేది. పప్పు మిల్లులో రాళ్ళేరే పనికి తెల్లారకముందే పోయే మనిషి, తను పోయేలోపు రెండు క్యారియర్లు సర్దిపెట్టి పోయేది.

ఇక ఆయుధపూజ సంగతి. గోపాలకృష్ణన్ ఇంట్లో ఒక ఆచారం ఉంది. నవమినాడు మిషన్లన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, మరమరాలూ శెనగలూ పంచి, ఆ రాత్రికి వాటిని నిద్రపుచ్చుతారు. విజయదశమి పొద్దున హారతిచ్చి లేపి మొదటి కోత కొయ్యాలి. ఆ మొదటి కోత చెక్కని పొట్టి చెయ్యకూడదు. పొడుగ్గా చీల్చి రెండు చెయ్యాలి. ఒకటి రెండు కావడం వృద్ధి. ఇంకొకటి, కుంకుమ పెట్టిన బ్లేడుతోనే ఆ కోత జరగాలి. గోపాలకృష్ణన్ తాతనాడు చేతిరంపం ఉన్నప్పటి ఆచారం ఇది. ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే నవమినాడు మిషను మీద ఎప్పుడూ ఇరవై నాలుగు పళ్ళదే ఉండేది.

ఆ ఏడాది వంటింటి అలమరల పని ఎక్కువై గోపాలకృష్ణన్ ఒక కొత్త ఎనభై పళ్ళ బ్లేడు తెప్పించాడు. అద్దంలా మెరుస్తోంది, మొహం చూసుకోవచ్చు. "మామా, పూజకు ఇది పెట్టుదాం. చూసేదానికి ఎంత లక్షణంగా ఉండాది!" అన్నాడు. పొన్నయ్యకి అందులో తప్పేమీ కనిపించలేదు. పూజకే కదా, మర్నాటి మొదటి కోత సంగతి ఆ నిమిషంలో అతనికి తట్టలేదు. తనే స్వయంగా పాతది విప్పి కొత్తది బిగించాడు. భార్య పోయి ఏడాది తీరనివాడు గనక అక్కడితో తప్పుకుని గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నాడు. పనివాళ్ళ భార్యల్నందర్నీ పిలిచారు. గోపాలకృష్ణన్ తల్లి కృష్ణమ్మాళ్ కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేస్తోంది. బ్లేడుకి ముత్తయిదువ చేత బొట్టు పెట్టించాలని ఆవిడే మారిసెల్విని పిలిచింది. మారిసెల్వి ఒక్క క్షణం తటపటాయించి, కుంకుమ భరిణె అందుకుని, పళ్ళ మీద మూడు బొట్లు పెట్టింది. పొన్నయ్య దూరం నుంచి చూశాడు. చూసి, మునియమ్మాళ్ ఉంటే ఆమెనే పిలిచేవాళ్ళని అనుకున్నాడు.

మర్నాడు పొద్దున మొదటి కోతకి వేప పలక వచ్చింది. గోపాలకృష్ణన్ పెరట్లో కొట్టేసిన చెట్టుదే. ఏడడుగుల పొడుగు, రెండంగుళాల మందం, పచ్చి ఇంకా పూర్తిగా ఆరలేదు. పొన్నయ్య గేటు దగ్గర నుంచి దాన్ని చూశాడు, మిషను మీద బ్లేడునీ చూశాడు. గుమ్మందాకా నాలుగడుగులు వేసి, లోపలికి పోకుండా అక్కడినుంచే యజమానికి చెప్పాడు.

"మొదలాళీ, ఈ పలకను నిలువుగా కొయ్యాలంటే ఆ బ్లేడు కుదరదు. మార్చాల. రెండు నిమిషాలు."

గోపాలకృష్ణన్ తల్లి వైపు చూశాడు. కృష్ణమ్మాళ్‌కి కోపం వచ్చింది.

"కుంకం పెట్టినదాన్ని మొదటి కోత కాకమునుపే విప్పేదా? ఎక్కడన్నా ఉండాదా? ఒక్క కోతకు ఏమైపోతాది? నువ్వు ఏడాది తీరనోడివి పొన్నయ్యా, ఈ పొద్దు లోపలికే రాకూడదు. మంచి గడియలో అపశకునంగా మాట్లాడొద్దు."

పదిమందిలో ఆ మాట పడేసరికి పొన్నయ్య మొహం మాడిపోయింది. పెళ్ళిపందిట్లో నవ్విన నవ్వులు వినపడ్డట్టయింది. భార్య పోయినవాడు, సొంత పని కాని పనిలో ఉన్నవాడు, శుభానికి పనికిరానివాడు. వెనక్కి గేటు దగ్గరికి నడిచాడు. ఇంకొక్కమాట అనలేదు. ఒక్క కోతే కదా అని తనకి తను చెప్పుకున్నాడు. ముప్పై ఐదేళ్ళలో ఎవరినీ అననివ్వని మాట అది.

అతను తప్పుకున్నాడు గనక మొదటి కోత తొయ్యడానికి తంగపాండిని పిలిచారు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు, నుదుట విభూతి. తోసే వైపు నిలబడటం అదే మొదటిసారి, సంబరంగా గేటు వైపు చూసి చిగుళ్ళు కనిపించేలా నవ్వాడు. హారతి అయింది. ఎవరి సెల్లులోనో నాదస్వరం పెట్టారు. మిషను వేశారు.

మొదటి రెండడుగులు పలక బాగానే పోయింది. మూడో అడుగు దగ్గర చప్పుడు లావైంది. పొన్నయ్య లేచి నిలబడ్డాడు. నాదస్వరంలో అది ఎవరికీ వినిపించలేదు. వేప మాడిన చేదువాసన గేటుదాకా వచ్చింది. పచ్చి వేపకి కోసిన చీలిక మళ్ళీ మూసుకుపోయే గుణం ఉంది, అది బ్లేడుని రెండు పక్కలా బిగపట్టుకుంటోంది. తంగపాండి ఆగిపోయిన పలకకి పొట్ట ఆనించి బలమంతా పెట్టి తోస్తున్నాడు.

"ఆపు! తంగం, తొయ్యొద్దు, ఆపు!"

పొన్నయ్య అరుపు విని తంగపాండి తలెత్తాడు. ఏమన్నావన్నా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. అప్పుడే బ్లేడు పలకని ఎత్తి వెనక్కి విసిరేసింది. అది వచ్చి పక్కటెముకల కింద పొడిచింది.

రక్తం లేదు. చొక్కా కూడా చిరగలేదు. తంగపాండి కింద కూర్చున్నాడు, నీళ్ళడిగాడు, రెండు గుక్కలు తాగాడు. "ఏమీ లే అన్నా. ఊపిరి పట్టుకునింది, అంతే" అన్నాడు. అంటూండగానే పెదవులు తెల్లబడ్డాయి. దగ్గరి డాక్టరు చెయ్యి పెట్టి చూసి, లోపల తెగింది, ఇక్కడ కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. విరుదునగర్‌కే పోదాం, సెల్వి ఉంది అక్కడ, అని తంగపాండే అడిగాడట. కార్లో పడుకోబెట్టి తీసుకుపోయారు. దారిలో సాత్తూరు దాటాక పోయాడు.

ఫోను వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కార్ఖానాలో పొన్నయ్య ఒక్కడే ఉన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని స్పానరు తీసుకున్నాడు. ఎనభై పళ్ళ బ్లేడు విప్పాడు. దాని మీది కుంకుమ సగం మాడి నల్లగా అంటుకుపోయి ఉంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి మేకుకి తగిలించాడు. ఇరవై నాలుగు పళ్ళది బిగించాడు. పని అయ్యాక బ్లేడు మార్చిపెట్టడం అలవాటు, అలవాటు కొద్దీ చేశానని చాలా రోజులు తనకి తను చెప్పుకున్నాడు. అలవాటు కాదు. చేతులకి తెలుసు ఏం చేస్తున్నాయో.

రెండు రోజుల తర్వాత కార్ఖానాల తనిఖీ ఆఫీసువాళ్ళు వచ్చారు. మిషను తిప్పి చూశారు. పొన్నయ్యనే అడిగారు, మిషనులో లోపముందా అని. లేదన్నాడు. బ్లేడు విరిగిందా? లేదు. రెండూ నిజాలే. ఇలాంటి నిజాలు చెప్పడం కంటే బాహాటంగా అబద్ధం ఆడటం నయం. ఏ బ్లేడు ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్ళకి తెలియదు. పొన్నయ్య ఆ పొద్దు చెప్పిన సంగతి మొదలాళి ఎత్తలేదు, పళ్ళ తేడా అంతుపట్టని అతనికి బ్లేడంటే బ్లేడే. పనివాడి అజాగ్రత్త అని రాసుకుపోయారు. తంగపాండి పేరు పక్కన ఆ మాట ఉండిపోయింది.

ఊళ్ళో వేరే మాట పుట్టింది. ఏడాది తీరనివాడు మంచి గడియలో నోరు తెరిచి ఆపు ఆపు అని అరిచాడు, అందుకే అలా అయిందని. కృష్ణమ్మాళే అంది. పొన్నయ్య ఆ నింద మోశాడు, ఒక్క మాట ఎదురాడలేదు. నిజం చెప్పాలంటే అతనికి అందులో కొంత హాయి కూడా ఉంది. అపశకునం అతని చేతిలోది కాదు కదా. బ్లేడు అయితే అతని చేతిలోదే.

పదహారో రోజు విరుదునగర్ పోయాడు. పప్పు మిల్లు సందులో రెండు గదుల ఇల్లు, ఇంటి నిండా జనం. భోజనాలయ్యాక మారిసెల్వి పెరట్లో గిన్నెలు కడిగే చోట అతన్ని ఆపింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"బావా, నీకొక్కడికే చెప్తాను. అమ్మకు గూడ చెప్పలే. ఆ పొద్దు, పూజ పొద్దు, నేను దూరంగా ఉండాల్సిన దినం. రెండో దినం. పెద్దామె అందరి ముందరా పిలిచె. ఎట్ల చెప్పేది? సిగ్గుపడి, పోయి పెట్టేస్తిని. నా చేత్తోనే కుంకం పెడ్తిని. నేనే చంపేస్తిని బావా."

పొన్నయ్యకి చెప్పాల్సిన మాట నాలిక మీదికి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. "అట్లంతా లేదమ్మా" అన్నాడు. అది ఎవరైనా అనే మాట. ఆమె దాన్ని విన్నట్టు కూడా లేదు.

కార్తీకంలో ఒకరోజు కార్ఖానా ముందు రోడ్డు మీద ఆమె కనిపించింది. పసుపు చీర, కాళ్ళకి చెప్పులు లేవు. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టిదాకా బస్సు, అక్కడినుంచి కళుగుమలై మురుగన్ కోవెలకి నడక. నెలనెలా కృత్తిక నక్షత్రం రోజున నడుస్తానని, పన్నెండు కృత్తికలు నడుస్తానని, అప్పటిదాకా ఒంటిపూట తింటానని మొక్కుకుందట. ఏడాది తీరనిది గనక గుడి బయటినుంచే దండం పెట్టి తిరిగొస్తుందట. పొన్నయ్య మంచినీళ్ళిచ్చాడు. తాగి వెళ్ళిపోయింది. తర్వాతి నెలా వచ్చింది. ఆ తర్వాతి నెలా.

ఆ రోడ్డు ఎలాంటిదో అతనికి తెలుసు. అటూ ఇటూ తుమ్మముళ్ళు, కంకరరాళ్ళు, పదిగంటలకే కాలే తారు. నాలుగో నెలకి ఆమె బుగ్గలు లోపలికి పోయాయి. పప్పు మిల్లులో పని సరిగ్గా చెయ్యలేకపోతోందని ఎవరో చెప్పారు. అయిదో నెల ఎడమ పాదానికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. గుడ్డ తడిసి ఉంది, అది నీళ్ళ తడి కాదు. ఆమెకి చక్కెర జబ్బు ఉన్న సంగతి తంగపాండి ఎప్పుడో చెప్పాడు. అలాంటి పాదంతో నడిస్తే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. పొన్నయ్య రోడ్డు మీదికి పరిగెత్తాడు.

"సెల్వీ, ఈ కాలుతో వద్దు. బస్సులో పోదాం, నేనూ వస్తాను. సామి ఏమీ అనుకోడు."

"తప్పు చేసినాను కదా బావా. నడవాల" అని ఆమె మామూలుగానే చెప్పి, కుంటుకుంటూ ముందుకి సాగింది.

అతను రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. లారీవాడు హారను కొట్టి తిట్టాడు. ఆ రోజంతా మిషను దగ్గర చెయ్యి ఆడలేదు. చెప్తే ఏమవుతుంది? పని పోతుంది. మొదలాళి మీద కేసు వస్తుందేమో, తన మీదా వస్తుందేమో. అంతకంటే, తమ్ముడిలా చూసుకున్నవాణ్ణి తెలిసి తెలిసి చావుకి వదిలాడని ఆ ఇల్లు తెలుసుకుంటుంది. చెప్పకపోతే ఆ పాదం పోతుంది, పాదంతో మనిషి పోతుంది. ఎటు చూసినా తనని తను క్షమించుకునే దారి కనిపించలేదు. కనిపించకపోయినా ఒకటి మాత్రం తెలిసింది. ఇంకొక కృత్తిక రాకూడదు.

మునియమ్మాళ్ ఏడాది తీర్చిన మర్నాడే విరుదునగర్ బస్సెక్కాడు. మారిసెల్వి ఇంట్లోనే ఉంది, పాదం పీట మీద పెట్టుకుని, మిల్లు నుంచి ఇంటికి తెచ్చుకున్న పప్పు ఏరుతోంది. అతన్ని చూసి లేవబోతే వద్దన్నాడు. గుమ్మం దగ్గరే నేల మీద కూర్చున్నాడు.

"నీ కుంకం వల్ల ఏమీ కాలే. నీ మీద తప్పే లే. బ్లేడు తప్పు" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. అతను బస్సులో వరసగా అనుకున్న మాటలన్నీ కలగాపులగమయ్యాయి. పళ్ళు, సందులు, నిలువుకోత అని ఏదో చెప్పబోయి ఆగాడు. ఆమె పక్కనున్న సన్న జల్లెడ చూపించాడు.

"దీంట్లో పెద్ద శెనగలు పోసి జల్లిస్తే దిగుతాయా?"

"ఎట్ల దిగుతాయి?"

"బలంగా అదిమితే?"

"జల్లెడ తెగుతాది. లేకుంటే చేతిలోంచి ఎగిరిపోతాది."

"అదే అమ్మా. ఆ పొద్దు మిషను మీదుండింది సన్న పనికి బ్లేడు. పొడుగు కోతకు అది పెట్టకూడదు. ఎవరు పెట్టినా, ఎవరు బొట్టు పెట్టినా, పెట్టకున్నా, ఆ పలక అట్లనే ఎగిరుంటాది."

మారిసెల్వి చేతిలో పప్పు అలాగే ఉండిపోయింది. దాన్ని చేటలో పోసి పక్కకి జరిపింది. తర్వాత అడిగింది, ఒక్కొక్కటిగా, తొందరేమీ లేకుండా.

"దాన్ని బిగించింది ఎవరు?"

"నేనే. పూజకని బిగిస్తిని."

"కోతకు కుదరదని నీకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసీ ఊరకుంటివా?"

"చెప్తిని. పెద్దామె ఒప్పలే. ఏడాది తీరనోడివని అందరి ముందరా అనె." దాచడానికి ఇంక ఏమీ మిగలకూడదనుకున్నాడు. "పోయినాడని ఫోను వచ్చినాక బ్లేడు మార్చేసింది గూడ నేనే. ఆఫీసోళ్ళకు చెప్పలే. వాని అజాగ్రత్త అని రాసుకుంటే చూస్తా ఉంటిని. ఇప్పుడు ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తాను. రాసిమ్మంటే రాసిస్తాను."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనీ, చేట ఎత్తి మొహాన కొడుతుందనీ అనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె వంగి పాదానికి చుట్టిన గుడ్డ మెల్లగా విప్పింది. కింద పుండు నల్లబడి ఉంది. దాన్ని వేరే ఎవరి కాలో చూసినట్టు చూసింది.

"నాదే తప్పని అనుకునేటప్పుడు నడిచేదానికి ఒక దారి ఉండె బావా. ఏడు కృత్తికలు మిగిలుండె. అవి అయితే సామి నన్ను మన్నిస్తాడని ఉంటిని. ఇప్పుడు నేను ఎక్కడికి నడిచేది?"

పొన్నయ్య లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ కాలి దగ్గర పెట్టాడు.

"ఎన్ని తూర్లు చెప్తివి?" అని అడిగింది.

"ఏమిది?"

"బ్లేడు మార్చాలని. ఆ పొద్దు. ఎన్ని తూర్లు చెప్తివి?"

"ఒక్క తూరి."

"ఇంకొక తూరి చెప్పింటే నీకు ఏమి పోయుంటాది బావా?"

అందులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పొన్నయ్య ఆలోచించాడు. కృష్ణమ్మాళ్ ఇంకో మాట అనేది. జనం నవ్వేవాళ్ళు, లేదా నవ్వేవాళ్ళు కాదు. మొదలాళి విసుక్కుని రెండు నిమిషాలు ఆగేవాడు. తను వెళ్ళి మిషను స్విచ్చి మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంటే ఎవరూ కొట్టేవాళ్ళు కాదు. ఆ సాయంత్రానికి అందరూ మర్చిపోయేవాళ్ళు. ముప్పై ఐదేళ్ళ పనిలో ఏ చెక్క గురించైనా ఇంత జాగ్రత్తగా ఆలోచించాడో లేదో గానీ, ఆమె అడిగినదాని గురించి ఆలోచించాడు. ఆమె ఎదురుచూస్తోంది. అబద్ధం చెప్పడానికి రాలేదు కదా.

"ఏమీ పోయుండదమ్మా" అన్నాడు.